మోడెమ్ ముందా, రౌటర్ ముందా? కొనేముందు ఒక గంట కొలత

నెట్ స్లో అవగానే మనకు ముందు తట్టే మాట "ఈ పెట్టె పాతదైపోయింది, మార్చేద్దాం" అనే. కేబుల్ ఇంటర్నెట్ ఉన్న ఇంట్లో చిక్కేమిటంటే, పెట్టెలు రెండుంటాయి. గోడలోంచి వచ్చే లావాటి కోయాక్సియల్ కేబుల్ బిగించేది మోడెమ్. ఆ కేబుల్‌లో వచ్చే సిగ్నల్‌ని నెట్‌గా మార్చడమే దాని పని. ఆ నెట్‌ని ఫోన్లకు, టీవీకి, ల్యాప్‌టాప్‌కి పంచేది రౌటర్. వైఫై దానిదే. ఒకదాని తప్పుకి రెండోదాన్ని మారిస్తే డబ్బు పోతుంది, బాధ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

నాకు సరిగ్గా ఇదే జరిగింది. వీడియో కాల్స్‌లో మాట తెగిపోతోందని కొత్త రౌటర్ కొన్నాను. రెండు రోజులు బాగానే ఉందనిపించింది. మూడో రోజు కాల్ మధ్యలో మళ్లీ కట్. ఇంకో పది రోజులు తంటాలు పడ్డాక తేలిందేమిటంటే, మోడెమ్‌కి వచ్చే కేబుల్ మధ్యలో ఎప్పుడో రెండో టీవీ కోసం పెట్టిన, కేబుల్‌ని రెండు దారులుగా చీల్చే చిన్న స్ప్లిటర్ ఉంది. ఆ టీవీ పోయి ఏళ్లయింది, స్ప్లిటర్ అలాగే ఉండిపోయింది. కనెక్టర్ విప్పి చూస్తే లోపల తుప్పు. దాన్ని తీసేసి కేబుల్‌ని నేరుగా మోడెమ్‌కి బిగించాక కాల్స్ తెగడం ఆగిపోయింది. అంటే ఆ రోజు నేను మార్చాల్సింది రౌటరూ కాదు, మోడెమూ కాదు. అప్పటినుంచి ఎవరడిగినా ముందు కొలవమనే చెబుతున్నాను.

ఏ కొలతా లేకుండా ఒకటి ఎంచుకోక తప్పదంటే మాత్రం రౌటరే ముందు. ఇళ్లలో నెట్ స్లో అనిపించే సందర్భాల్లో ఎక్కువ భాగం వైఫై దగ్గరే మొదలవుతాయి. పైగా పాత రౌటర్ సెక్యూరిటీకి కూడా ప్రమాదం. మోడెమ్ మార్చాల్సిన సందర్భాలు తక్కువ, కానీ అవి చాలా స్పష్టంగా కనబడతాయి. వాటిని గుర్తుపట్టగలిగితే చాలు.

నాలుగు చోట్ల స్పీడ్ టెస్ట్

ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి ఈథర్నెట్ వైరు ఉంటే చాలు. మొదటి టెస్ట్ రౌటర్‌ని పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ని నేరుగా మోడెమ్‌కి కలిపి చేయాలి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే వైరు మార్చగానే నెట్ రాదు. మోడెమ్ తనకు ముందు కనబడిన పరికరాన్నే గుర్తుపెట్టుకుంటుంది. ల్యాప్‌టాప్ కలిపాక మోడెమ్ పవర్ తీసి, అర నిమిషం ఆగి మళ్లీ పెడితే వస్తుంది. రౌటర్ అడ్డు లేనప్పుడు ల్యాప్‌టాప్ నేరుగా ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉన్నట్టే కాబట్టి, ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. టెస్ట్ అయ్యాక మళ్లీ రౌటర్ కలిపేటప్పుడు కూడా మోడెమ్‌ని ఇలాగే రీస్టార్ట్ చేయాలి.

రెండో టెస్ట్ రౌటర్ ల్యాన్ పోర్ట్ (పరికరాల వైరు గుచ్చే చోటు) నుంచి, వైరుతోనే. మూడోది రౌటర్ ఉన్న గదిలోనే వైఫై మీద. నాలుగోది మీకు నిజంగా ఇబ్బందిగా ఉన్న గదిలో, మీరు రోజూ కూర్చునే చోట. ఒక్కో చోట రెండు మూడు సార్లు చేయండి. పగలు ఒకసారి, అందరూ నెట్ వాడే రాత్రి వేళ ఒకసారి చేస్తే ఇంకా మంచిది. అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఏ మెట్టు దగ్గర అంకె దభాలున పడిపోయిందో అక్కడే దొంగ ఉన్నాడు.

ఒక ఉదాహరణ. ప్లాన్ 300 ఎంబీపీఎస్ (సెకనుకి 300 మెగాబిట్లు). మోడెమ్ దగ్గర 310 వచ్చింది, రౌటర్ వైరుతో 94, అదే గదిలో వైఫై 91. ఈ 94 అనే అంకె కనబడితే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 100 ఎంబీపీఎస్ పోర్ట్ నుంచి నిజంగా బయటికొచ్చేది 94, 95 దగ్గరే ఆగుతుంది. అయితే రౌటర్ పోర్టులే పాతకాలపు 100వి అయ్యుండాలి, లేదంటే మధ్యలో ఉన్న వైరు దెబ్బతిని ఉండాలి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడ్‌కి ఈథర్నెట్ వైరులోని నాలుగు జతల తీగలూ కావాలి. ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. అందుకే రౌటర్ కొనడానికి ముందు మోడెమ్‌కీ రౌటర్‌కీ మధ్య ఉన్న ఆ జానెడు వైరు మార్చి చూడండి.

ఇంకో ఇంట్లో అదే ప్లాన్ మీద మోడెమ్ దగ్గర 305, రౌటర్ వైరుతో 300, పక్కనే వైఫై 280, పడకగదిలో 22 వచ్చిందనుకుందాం. ఇక్కడ మోడెమ్ మీద ఒక్క పైసా పెట్టినా వృథా. మోడెమ్ దగ్గరే 120 వచ్చి, మిగతా మూడు చోట్లా అదే 120 దగ్గర ఆగితే, అప్పుడు ప్రపంచంలోకెల్లా ఖరీదైన రౌటర్ తెచ్చినా 120కి మించదు. (డౌన్‌లోడ్ విండోలో కనబడే అంకె చూసి కంగారు పడకండి. అది చాలాసార్లు మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిదితో గుణిస్తేనే ప్లాన్‌లో రాసిన మెగాబిట్లతో పోల్చగలం.)

స్పీడ్ బాగానే ఉండి, నెట్ మధ్యమధ్యలో కట్ అవుతుంటే స్పీడ్ టెస్ట్ సరిపోదు, పింగ్ చూడాలి. అంటే కమాండ్ విండో నుంచి ఒక అడ్రస్‌కి చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుందో కొలవడం. సమస్య ఉన్న చోటే కూర్చుని ఒక విండోలో రౌటర్ అడ్రస్‌కి, ఇంకో విండోలో 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌కి పింగ్ నడవనివ్వండి. రౌటర్ అడ్రస్ సాధారణంగా 192.168.0.1 లేదా 192.168.1.1 ఉంటుంది. కాల్ తెగిన క్షణంలో రౌటర్ పింగే 2 మిల్లీసెకన్ల నుంచి 300కి ఎగిరితే తప్పు వైఫైది. రౌటర్ పింగ్ 2, 3 దగ్గర నిలకడగా ఉండి, బయటి పింగ్ మాత్రం వరసగా ఫెయిలవుతుంటే, చూడాల్సింది మోడెమ్ వైపు. వైఫై కనెక్ట్ అయ్యే ఉంది, నెట్ మాత్రం లేదు అని ఇంట్లో అందరూ ఒకేసారి అరుస్తున్నా దాదాపు ఇదే అర్థం.

మోడెమ్ ఎప్పుడు అడ్డం పడుతుంది

కేబుల్ మోడెమ్‌లు డాక్సిస్ అనే స్టాండర్డ్ ప్రకారం పనిచేస్తాయి. ఇప్పటికీ చాలా ఇళ్లలో కనబడే డాక్సిస్ 3.0 స్టాండర్డ్ 2006లో వచ్చింది, 3.1 వచ్చింది 2013లో. 3.0 తెచ్చిన పెద్ద మార్పు, చాలా ఛానెళ్లను కలిపి ఒకేసారి వాడుకోవడం. మోడెమ్ పెట్టె మీద 8x4, 16x4, 32x8 అని ఉండేది ఆ లెక్కే. మొదటి అంకె డౌన్‌లోడ్ ఛానెళ్లు, రెండోది అప్‌లోడ్ ఛానెళ్లు. ఛానెల్ వెడల్పు 6 మెగాహెర్ట్జ్ ఉన్న దేశాల్లో ఒక్కో డౌన్‌లోడ్ ఛానెల్ మోసేది ఖర్చులు పోను సుమారు 38 ఎంబీపీఎస్. 8 మెగాహెర్ట్జ్ వాడే చోట సుమారు 50. అంటే 8 ఛానెళ్ల మోడెమ్‌కి 6 మెగాహెర్ట్జ్ లెక్కన గరిష్ఠంగా 300 దగ్గర, 16 ఛానెళ్లదానికి 600 దగ్గర వస్తుంది.

కానీ ఆ 300 మీ ఒక్కరిది కాదు. అవే ఛానెళ్లను మీ వీధిలోని మిగతా ఇళ్లు కూడా పంచుకుంటాయి. 300 ప్లాన్‌కి 8 ఛానెళ్ల మోడెమ్ కాగితం మీద సరిపోయినట్టే కనబడుతుంది కానీ, రాత్రి అయ్యేసరికి ఆ ఎనిమిదిలోనే ఇరుక్కుపోతుంది. 32 ఛానెళ్లది అదే రద్దీలో ఎక్కువ దారులు వెతుక్కోగలదు. కాబట్టి ప్లాన్ వేగం మోడెమ్ గరిష్ఠంలో సగం దాటితే, మోడెమ్ మార్చే ఆలోచన చేయడం న్యాయమే. డాక్సిస్ 2.0 లేదా అంతకంటే పాతది ఇంకా వాడుతుంటే ఏ టెస్టులూ అక్కర్లేదు, అది మార్చాల్సిందే. గిగాబిట్ ప్లాన్‌కి 3.1 తీసుకోండి. గిగాబిట్ దాటిన ప్లాన్ అయితే మోడెమ్ వెనక పోర్ట్ కూడా 2.5 గిగాబిట్‌ది కావాలి, లేకపోతే 940 దగ్గర ఆగిపోతుంది. ఆ నెట్ అందుకునే రౌటర్ పోర్ట్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. రెండూ కలిపి మార్చక తప్పని సందర్భం ఇదొక్కటే.

ఇక కట్ అయ్యే సమస్య. బ్రౌజర్‌లో 192.168.100.1 కొడితే చాలా కేబుల్ మోడెమ్‌లు తమ స్టేటస్ పేజీ చూపిస్తాయి. మొదటిసారి చూస్తే అంకెల అడవిలా ఉంటుంది కానీ, అందులో మనకు కావాల్సినవి మూడే. డౌన్‌స్ట్రీమ్ పవర్, అంటే మోడెమ్‌కి అందే సిగ్నల్ బలం, ఒక్కో ఛానెల్‌కి మైనస్ 7 నుంచి ప్లస్ 7 డీబీఎంవీ మధ్యలో ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఎస్‌ఎన్‌ఆర్ (గోలకంటే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) అని రాసి ఉండేది 33 డెసిబెల్స్ పైన ఉండాలి. అప్‌స్ట్రీమ్ పవర్, అంటే మోడెమ్ తిరిగి పంపే సిగ్నల్ బలం, 40లలో ఉంటే ఆరోగ్యం. 50 దాటిందంటే, అవతల వాళ్లకు వినబడక మోడెమ్ గొంతు చించుకుంటోందని అర్థం. సిగ్నల్ ఇలా బలహీనపడటానికి కారణం చాలాసార్లు స్ప్లిటర్లే. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కో దారిలో సుమారు మూడున్నర డెసిబెల్స్ తినేస్తుంది, అంటే సగానికి పైగా సిగ్నల్. నాలుగు దారులదైతే ఏడు. అదే పేజీలో జరిగినవన్నీ రాసి ఉండే ఈవెంట్ లాగ్ ఉంటుంది. కంపెనీ వైపు నుంచి రావాల్సిన సందేశం సమయానికి అందలేదని చెప్పే టీ3, టీ4 టైమవుట్లు అందులో రోజూ కుప్పలుగా పడుతుంటే లైన్‌లో తేడా ఉన్నట్టే.

ఈ అంకెలు బాగోలేనప్పుడు కొత్త మోడెమ్ కొనడం చాలామంది చేసే పొరపాటు. చెడ్డ సిగ్నల్ కొత్త మోడెమ్‌కి కూడా చెడ్డగానే వస్తుంది. ముందు పనికిరాని స్ప్లిటర్లు తీసేయండి, కనెక్టర్లు చేత్తో గట్టిగా బిగించండి, అప్పటికీ మారకపోతే నెట్ కంపెనీవాళ్లని పిలిచి లైన్ చూపించండి. పిలిచేటప్పుడు స్టేటస్ పేజీ ఫొటో దగ్గర పెట్టుకుంటే మాట నిలబడుతుంది. "నెట్ సరిగ్గా రావట్లేదండీ" అనే ఫిర్యాదుకి రీస్టార్ట్ చేయమంటారు. "అప్‌స్ట్రీమ్ పవర్ 53 ఉంది, టీ3లు పడుతున్నాయి" అంటే మనిషిని పంపిస్తారు. సిగ్నల్ అంకెలన్నీ ముచ్చటగా ఉండి కూడా మోడెమ్ తనంతట తనే రీస్టార్ట్ అవుతోందా, ముట్టుకుంటే కాలుతోందా, అప్పుడు పెట్టెదే లోపం. అలాగే ఇంటెల్ పూమా 6 చిప్ ఉన్న మోడెమ్‌లలో పింగ్ అకస్మాత్తుగా ఎగిరిపడే లోపం ఉందని 2016లో బయటపడింది. మీ మోడల్‌లో ఆ చిప్ ఉండి, ఆన్‌లైన్ గేమ్స్ ఆడేవాళ్లు ఇంట్లో ఉంటే మోడెమ్ మార్చడానికి అది మంచి కారణమే.

రౌటర్‌ని మార్చేముందు జరపండి

మోడెమ్ కేబుల్ ఉన్న చోటే ఉండాలి. రౌటర్‌కి ఆ బంధనం లేదు. అయినా మోడెమ్ మూల గదిలో ఉంటే రౌటర్‌ని కూడా దాని పక్కనే, టీవీ వెనకో బీరువా సందులోనో కుక్కేస్తాం. ఈథర్నెట్ వైరు 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. పొడుగు వైరు ఒకటి తీసుకుని రౌటర్‌ని ఇంటి మధ్యకి, మనిషి ఎత్తులో, చుట్టూ ఖాళీ ఉన్న చోట పెట్టి నాలుగో టెస్ట్ మళ్లీ చేయండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా చూపించే పని ఇంకోటి నాకు తెలియదు. మధ్యలో ఇనుప బీరువా, పెద్ద అద్దం, నీళ్ల తొట్టి ఉంటే వైఫైకి అవి గోడలకంటే కష్టం.

జరిపినా లాభం లేకపోతే అప్పుడు రౌటర్ వయసు చూడాలి. వైఫై 4 స్టాండర్డ్ (పక్కన ఉండే అంకె వైఫై తరాన్ని చెబుతుంది) 2009 నాటిది. అప్పటి రౌటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే ఉంటుంది. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డం పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. చుట్టూ ఇరవై ఇళ్ల వైఫైలు ఉంటే ఆ మూడింటిలోనే అందరూ తోసుకోవాలి, పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే గోల చేస్తుంది. ఇలాంటి రౌటర్ ఉంటే మార్చడం వల్ల తేడా మొదటి రోజే తెలుస్తుంది. వైఫై 5 ఉన్నవాళ్లు తొందరపడక్కర్లేదు. దాని మీద మామూలు ఫోన్‌కి 867 ఎంబీపీఎస్ లింక్ దొరుకుతుంది, నిజంగా చేతికొచ్చేది అదే గదిలో 500 పైచిలుకు. 200 ప్లాన్‌కి అది ధారాళం. వైఫై 6 గొప్పతనం ఒక్క ఫోన్ వేగంలో కంటే, ఇరవై ముప్పై పరికరాలు ఒకేసారి వాడినప్పుడు కనబడుతుంది. 2024లో సర్టిఫికేషన్ మొదలైన వైఫై 7 కోసం ఎక్కువ పెట్టే ముందు మీ ఇంట్లో ఎన్ని పరికరాలు దాన్ని అందుకోగలవో లెక్కపెట్టుకోండి. రౌటర్‌కి ఎనిమిది యాంటెన్నాలున్నా, మీ ఫోన్‌లో ఉండేవి మామూలుగా రెండే.

రౌటర్ విషయంలో వేగం కంటే ముఖ్యమైనది ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కేబుల్ మోడెమ్ సాఫ్ట్‌వేర్‌ని నెట్ కంపెనీయే అప్‌డేట్ చేస్తుంది, మన చేతిలో ఏమీ ఉండదు. సొంత రౌటర్ బాధ్యత మాత్రం మనది. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన రౌటర్‌లో కొత్తగా బయటపడిన లోపాలు ఎప్పటికీ పూడవు. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 50కి పైగా దేశాల్లో దాదాపు 5 లక్షల రౌటర్లలోకి, స్టోరేజ్ పెట్టెల్లోకి దూరినట్టు బయటపడింది. మీ రౌటర్ మోడల్‌కి చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో తయారీదారు సైట్‌లో చూడండి. అప్‌డేట్లు ఆగిపోయాయని తెలిస్తే, స్పీడ్ టెస్టులు ఎంత బాగున్నా సరే, ముందు మార్చాల్సింది ఆ రౌటర్‌నే. ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను.

అందరూ తికమకపడే కేసు

పొద్దుటినుంచి నెట్ బాగుంటుంది. ఎవరో ఫోన్‌లోని ఫొటోలు క్లౌడ్‌కి పంపడం మొదలెట్టగానే పక్క గదిలో వీడియో కాల్ ముక్కలైపోతుంది. డౌన్‌లోడ్ స్పీడ్ చూస్తే లక్షణంగా 300 ఉంటుంది. ఇక్కడ ఇరుకు అప్‌లోడ్‌లో ఉంది. కేబుల్ నెట్‌వర్క్‌లు టీవీ ఛానెళ్లను ఇళ్లకు పంపడానికి పుట్టాయి, ఇళ్లనుంచి తిరిగి పంపడానికి మొదటినుంచీ సందే మిగిల్చారు. ఉత్తర అమెరికా పాత పద్ధతిలో ఆ సందు 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకే, యూరప్‌లో 65 వరకు. ఆ సందు నిండగానే డేటా మోడెమ్‌లోని బఫర్‌లో బారులు తీరుతుంది, కాల్‌లోని మాట ఆ బారు చివర నిలబడుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

దీనికి రెండు మందులున్నాయి. ఎస్‌క్యూఎం అనే క్యూ నిర్వహణ ఉన్న రౌటర్ తీసుకుని, అందులో అప్‌లోడ్ పరిమితిని నిజంగా వచ్చే స్పీడ్‌కి కాస్త తక్కువగా పెడితే బారు మోడెమ్‌లో కాకుండా రౌటర్ అదుపులో ఉంటుంది, మాటకి ముందు దారి దొరుకుతుంది. డాక్సిస్ 3.1 మోడెమ్‌లలో కూడా ఇలాంటి బారు నియంత్రణ స్టాండర్డ్‌లోనే భాగం. రెండిట్లో నేను రౌటర్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే అది మన చేతిలో ఉంటుంది, రేపు కేబుల్ వదిలేసి ఫైబర్‌కి వెళ్లినా వెంట వస్తుంది. కేబుల్ మోడెమ్ ఫైబర్‌కి పనికిరాదు. ఒకటి రెండేళ్లలో నెట్ కనెక్షన్ రకమే మార్చే ఆలోచన ఉన్నవాళ్లు మోడెమ్ మీద పెద్ద మొత్తం పెట్టకపోవడమే మంచిది.

మోడెమ్ దగ్గర పగలు 300 వచ్చి, రాత్రి మాత్రం 60కి పడిపోతుంటే అది చాలామటుకు వీధి మొత్తం పంచుకునే లైన్ రద్దీ. రౌటర్ మారిస్తే ఏ ఫలితమూ ఉండదు. తక్కువ ఛానెళ్ల మోడెమ్ అయితే మార్చి కొంత పొందొచ్చు, 3.1 ఇప్పటికే ఉంటే నెట్ కంపెనీతో మాట్లాడటం తప్ప దారి లేదు.

రెండూ ఒకే పెట్టెలో ఉంటే

నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెలో మోడెమ్, రౌటర్ రెండూ కలిసే ఉండొచ్చు. అలాంటప్పుడు మొత్తం పెట్టె మార్చాలని లేదు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే లోపలి రౌటర్‌ని ఆపి మోడెమ్‌గా మాత్రమే పనిచేసేలా, పెట్టమని కంపెనీని అడిగి, మీకు నచ్చిన రౌటర్ విడిగా కలుపుకోవచ్చు. బ్రిడ్జ్ మోడ్ పెట్టకుండా రెండో రౌటర్ కలిపితే రెండు రౌటర్లూ ఒకదానిమీద ఒకటి పెత్తనం చేస్తాయి. మామూలు బ్రౌజింగ్ నడుస్తుంది కానీ గేమ్స్, ఇంటికి బయటినుంచి కనెక్ట్ అయ్యే కెమెరాలు ఇబ్బంది పెడతాయి.

సొంత మోడెమ్ కొనదలిస్తే కంపెనీ ఒప్పుకునే మోడళ్ల జాబితాలో అది ఉందో లేదో ముందే చూడండి. జాబితాలో లేనిదాన్ని వాళ్లు యాక్టివేట్ చేయకపోవచ్చు. మీ ప్లాన్ పేరు ఎదురుగా ఉన్న మోడళ్లనే లెక్కలోకి తీసుకోండి. యాక్టివేట్ చేయడానికి పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉండే మ్యాక్ అడ్రస్ (ఆ పెట్టెకి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) అడుగుతారు, బిగించేముందే దాని ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత పెట్టె తలకిందులు చేయక్కర్లేదు. వాడిన మోడెమ్ ఎవరిదగ్గరైనా తీసుకుంటుంటే అది వాళ్ల ఖాతా నుంచి తీసేశారో లేదో అడిగి ఖాయం చేసుకోండి.

కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెడితే ఇంట్లో పరికరాలన్నీ వాటంతటవే కలుస్తాయి, ఒక్కోదాన్ని పట్టుకుని టెన్షన్ పడక్కర్లేదు. పాత పాస్‌వర్డ్ బయటివాళ్లందరికీ తెలిసిపోయి ఉంటే మాత్రం ఇదే మార్చుకునే సమయం. మార్చింది ఏ పెట్టె అయినా, పాతదాన్ని ఒక వారం పారేయకుండా ఉంచి, రాసుకున్న ఆ నాలుగు అంకెల పక్కన కొత్త నాలుగు అంకెలు రాసుకోండి. రాత్రి వేళ కొలతలో తేడా కనబడకపోతే, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే కొత్త పెట్టె తిరిగి ఇచ్చేయొచ్చు.